నూర్‌బర్గ్‌రింగ్‌కు అద్దె కారులో బయలుదేరే మనవాళ్ల కోసం

సంపాదకులకు,

నమస్కారములు. జర్మనీలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు సెలవుల్లో చూసిరాదగిన ప్రదేశాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో నూర్‌బర్గ్‌రింగ్ ప్రస్తావన రెండు వాక్యాల్లో ముగిసింది. లైసెన్సూ కారూ ఉండి రుసుము చెల్లిస్తే ఆ ప్రసిద్ధ రేసు ట్రాక్ మీద ఎవరైనా కారు నడపవచ్చునని రాశారు. ఆ మాట నిజమే. అయితే ఆ రెండు వాక్యాలు చదివి నలుగురు కుర్రాళ్లు ఒక అద్దె కారు మాట్లాడుకుని శనివారం ఉదయం బయలుదేరితే ఏమవుతుందో కళ్లారా చూసినవాణ్ని కనుక, వ్యాసకర్త వదిలేసిన సంగతులను కొంత వివరంగా రాస్తున్నాను.

నేను విశాఖపట్నం వాడిని. ఏడేళ్లుగా కొలోన్ నగరం దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. అక్కడి నుంచి దక్షిణంగా గంటకు పైగా ప్రయాణిస్తే ఐఫెల్ కొండలు వస్తాయి. ఆ కొండల మధ్య, నూర్‌బర్గ్ అనే పాత కోట చుట్టూ తిరిగి వచ్చే దారి ఈ ట్రాక్. 1927లో ప్రారంభమైన దీని ఉత్తర వలయాన్ని నార్డ్‌ష్లైఫే అంటారు. పొడవు 20.832 కిలోమీటర్లు, మలుపులు 70కి పైగా ఉంటాయి. అత్యంత ఎత్తైన చోటికీ అత్యంత పల్లపు చోటికీ మధ్య తేడా సుమారు 300 మీటర్లు. రేసు డ్రైవరు జాకీ స్టీవర్ట్ దీన్ని పచ్చని నరకం అన్నాడు. 1976 ఆగస్టు 1న ఫార్ములా వన్ డ్రైవరు నికీ లాడా కారు ఇక్కడే మంటల్లో చిక్కుకుంది. ఆ తర్వాత ఫార్ములా వన్ ఈ వలయానికి మళ్లీ రాలేదు. 1984లో పక్కనే కట్టిన కొత్త సర్క్యూట్‌లో రేసులు నడిచాయి కాని, సామాన్యులు డబ్బు కట్టి తిరగాలని ఆశపడేది మాత్రం ఈ పాత వలయంలోనే.

మీ వ్యాసంలో కలగలిసిపోయిన రెండు విషయాలను ముందుగా విడదీయాలి. ఇక్కడ ప్రజలకు తెరిచే గంటలను పర్యాటకుల డ్రైవింగ్ అంటారు. ఆ సమయంలో ఈ ట్రాక్ చట్టరీత్యా ఒకవైపు మాత్రమే నడిచే, రుసుము చెల్లించి ఎక్కే రోడ్డు. జర్మనీ రహదారి నియమాలే దీనికీ వర్తిస్తాయి. కుడివైపు ఉండాలి, ఎడమవైపు నుంచే దాటాలి, సమయం కొలవకూడదు. వారం వారం తిరిగే అనుభవజ్ఞుడూ, కుటుంబంతో వచ్చిన వ్యాను డ్రైవరూ ఒకే దారిలో ఒకే సమయంలో ఉంటారు. ట్రాక్ డే వేరు. ఒక నిర్వాహక సంస్థ ట్రాక్‌ను ఆ రోజుకు అద్దెకు తీసుకుని, పరిమిత సంఖ్యలో కార్లను అనుమతించి, ఉదయం నియమాలు చదివి వినిపించి, శిక్షకులను ఏర్పాటు చేస్తుంది. కొత్తవాడు నేర్చుకోవలసినది ఈ రెండో పద్ధతిలోనే. ఖర్చు ఎక్కువే. కాని మొదటి పద్ధతిలో ఎవరూ నేర్పరు, వెనక నుంచి వచ్చే కార్లను అద్దంలో చూసుకోవడంతోనే సరిపోతుంది.

నా మొదటి రౌండు కూడా పర్యాటకుల గంటల్లోనే జరిగింది. అరకు ఘాట్‌లో చిన్నప్పటి నుంచి తిరిగినవాడిని కదా, కొండ మలుపులు నాకు కొత్తా అన్న ధీమాతో వెళ్లాను. ఘాట్ రోడ్డులో ఎదురుగా లారీ వస్తుందేమోనన్న భయమే మనల్ని అదుపులో ఉంచుతుంది. ఇక్కడ ఎదురు వచ్చేవారు లేరు, రోడ్డు నున్నగా ఉంది, ఆ భయం పోయేసరికి వేగం దానంతటదే పెరిగింది. ఫుక్స్‌రోరె అనే దిగుడులో కారు బావిలోకి జారినట్టు దిగి, అడుగున బరువంతా టైర్ల మీద పడి, వెంటనే ఎక్కుడు మొదలవుతుంది. ఆ ఎక్కుడు మీద ఎడమకు ఒక సన్నని వంపు కనబడుతుంది. కొత్తవాడు దాన్నే మలుపు అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. దాని వెనక చాలా బిగుతైన ఎడమ మలుపూ, ఆ వెంటనే కుడి మలుపూ దాగి ఉన్నాయి. ఆ చోటు పేరు అడెనావర్ ఫోర్స్ట్. నేను నేరుగా గడ్డిలోకి పోయాను. కంచె అవతల నిలబడిన జనం ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. వాళ్లు అక్కడ నిలబడేదే నాలాంటివారి కోసమని తర్వాత తెలిసింది. ఇనుప కంచెకు తగలకుండా బయటపడటం నా గొప్ప కాదు, ఆ రోజు గడ్డి పొడిగా ఉంది.

తర్వాతి సంవత్సరం ఒక ట్రాక్ డేలో చేరాను. అక్కడి పద్ధతి నన్ను మొదట నిరాశపరిచిందని ఒప్పుకోవాలి. శిక్షకుడి కారు ముందు నడుస్తుంది, దాని వెనక ఐదు కార్లు వరుసగా వెళతాయి. వాకీటాకీలో ఆయన చెప్పే మాటలు అందరికీ వినబడతాయి. ఆయన గీసిన దారినే వెనకవాళ్లు పట్టుకోవాలి. శిక్షకుడి వెంటనే ఉన్న కారుకు ఆయన దారి స్పష్టంగా కనబడుతుంది, ఐదో కారుకు దాని ముందున్నవారి తప్పులన్నీ కలిసి కనబడతాయి. అందుకే కొంత దూరానికొకసారి మొదటి కారు పక్కకు తప్పుకుని వరుస చివరికి చేరుతుంది. ట్రాక్‌ను ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్కను పలుమార్లు తిప్పించారు. మధ్యాహ్నం వరకు పూర్తి రౌండు ఒక్కటీ తిరగలేదు. ఇంత డబ్బు కట్టింది ఇందుకా అని గొణుక్కున్నవారిలో నేనూ ఉన్నాను.

ఆ పద్ధతిలోని తర్కం సాయంత్రానికి గాని నాకు అర్థం కాలేదు. చిన్నప్పుడు శతక పద్యాన్ని పాదం పాదంగా వల్లె వేశాం. ఒక పాదం చివర రాగానే తర్వాతి పాదం మొదటి మాట నోట్లోకి వస్తుంది. ఎక్కడైనా ఆ కొక్కెం ఊడితే పద్యం మొత్తం ఆగిపోతుంది. ఇరవై కిలోమీటర్ల ట్రాక్‌ను ఒక్కసారిగా తిరిగి గుర్తుపెట్టుకోవాలనుకుంటే, మొదటి మలుపు మళ్లీ వచ్చేసరికి పది నిమిషాలకు పైగా గడిచిపోతుంది. అంతలో డెబ్బై మలుపులు కళ్ల ముందు పోయి ఉంటాయి, చేసిన తప్పు ఏమిటో కూడా గుర్తుండదు. మూడు నాలుగు మలుపుల ముక్కను అరగంటలో ఐదారుసార్లు తిరిగితే తప్పు ఇంకా వేడిగా ఉండగానే దిద్దుకోవచ్చు. రెండు కిలోమీటర్ల చిన్న సర్క్యూట్‌లో ఈ ఇబ్బంది ఉండదు, అక్కడ రౌండే ఒక ముక్క. చిన్న ట్రాక్‌ల మీద రెండు గంటల్లో దారి పట్టుబడిన వ్యక్తి ఇక్కడ రెండు రోజులైనా తడబడటానికి కారణం ఇదే.

పేర్లు నేర్చుకోవడం మరొక సాయం. ఇక్కడ మలుపులకు అంకెలకన్నా పేర్లే వాడుకలో ఉన్నాయి. ఫుక్స్‌రోరె అంటే నక్క గొట్టం, ఫ్లూగ్‌ప్లాట్స్ అంటే విమానాల మైదానం, బెర్గ్‌వెర్క్ అంటే గని, ష్వాల్బెన్‌ష్వాంట్స్ అంటే స్వాలో అనే పక్షి తోక. పేరు ఉన్న మలుపు మనసులో నిలుస్తుంది. శిక్షకుడు మమ్మల్ని మధ్యాహ్న భోజనం దగ్గర కూర్చోబెట్టి, కాగితం మీద ట్రాక్ గీయించి, పేర్లు వరుసగా రాయించాడు. నాకు పదకొండు వచ్చాయి. రాయలేకపోయిన చోట్లన్నీ ట్రాక్ మీద నేను తడబడిన చోట్లే కావడం చూసి ఆశ్చర్యపోయాను.

బ్రేకు ఎక్కడ వేయాలో చెప్పడానికి శిక్షకుడు ఎప్పుడూ కదలని వస్తువులనే చూపేవాడు. కిలోమీటరు పలక, కంచెలో రంగు మారిన చోటు, రోడ్డు మీద కొత్త తారు పాత తారును కలిసే గీత. నీడను గుర్తుగా పెట్టుకోవద్దని, మధ్యాహ్నానికి అది జరిగిపోతుందని అన్నాడు. కరుసెల్ అనే రంగులరాట్నం మలుపుకు ఎక్కుతున్నప్పుడు రోడ్డు కనబడదు, ఆకాశమే కనబడుతుంది. అక్కడ ఎత్తైన చెట్టు వైపు కారు తిప్పమని పాతకాలపు రేసు డ్రైవరు ఫాంజియో ఎవరికో చెప్పాడని ఇక్కడివాళ్లు ఒక కథ చెప్పుకుంటారు. లోపలికి వాలిన సిమెంటు పలకల గుంటలోకి చక్రాలు దిగిన తర్వాత స్టీరింగ్ చేతిలో దడదడలాడుతుంది. గట్టిగా పట్టుకుంటే చేతులు నొప్పి పుడతాయి తప్ప ప్రయోజనం లేదు.

అన్ని మలుపులూ సమానం కావన్నది ఆ రోజు నేను నేర్చుకున్న పెద్ద పాఠం. బెర్గ్‌వెర్క్ దాటాక కెసెల్‌షెన్ అనే సుదీర్ఘమైన ఎక్కుడు ఉంది. ఆ మలుపులోకి ఐదు కిలోమీటర్ల వేగం తగ్గించి దిగి, బయటికి వచ్చేటప్పుడు ముందుగా యాక్సిలరేటర్ తొక్కగలిగితే ఆ లాభం ఎక్కుడు పొడవునా వెంట వస్తుంది. గాల్గెన్‌కాప్ఫ్ అనే మలుపు తర్వాత రెండు కిలోమీటర్లకు పైగా ఉన్న తిన్నని దారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. తెలియని ట్రాక్ మీద కొత్తవాడు దీనికి విరుద్ధంగా చేస్తాడు. మలుపులోకి వేగంగా దూరి, లోపలి అంచును తొందరపడి ముందే తాకి, బయటికి వచ్చేసరికి రోడ్డు చాలక బ్రేకు వేస్తాడు. ఆ లోపలి అంచును తాకే చోటును అపెక్స్ అంటారు. మలుపు చివర కనబడకపోతే అపెక్స్‌ను ఆలస్యంగా తాకడమే క్షేమం, ఎందుకంటే మలుపు ఇంకా బిగుసుకుపోతే తిప్పడానికి చోటు మిగిలి ఉంటుంది.

మనవాళ్లకు మాత్రమే ఎదురయ్యే ఒక చిక్కును ఏ శిక్షకుడూ చెప్పలేదు. భారతదేశంలో స్టీరింగ్ కుడివైపు ఉంటుంది, ఇక్కడ ఎడమవైపు. కారు కుడి అంచు ఎంతవరకు ఉందో మన శరీరానికి తెలియదు. పట్టణంలో నడిపేటప్పుడు ఇది అంతగా తెలియలేదు. ట్రాక్ మీద కుడి మలుపులన్నిటిలో నేను అపెక్స్‌కు ఒక మీటరు దూరంలోనే ఉండిపోయానని, ఎడమ మలుపుల్లో సరిగ్గా తాకుతున్నానని వెనక కారులోని మిత్రుడు చెబితే తప్ప నాకు తట్టలేదు. ఖాళీ పార్కింగులో కుడి చక్రాలను గీత మీద నడిపించే అభ్యాసం పది నిమిషాలు చేస్తే చాలు.

వీడియో ఆటల్లో ఈ ట్రాక్‌ను వందలసార్లు తిరిగామని కుర్రాళ్లు అంటారు. మలుపుల వరుస గుర్తుంచుకోవడానికి అవి మేలే చేస్తాయి, నేను కాదనను. కాని తెర మీద దిగుడు లోతు తెలియదు, రోడ్డు ఏ వైపు వాలి ఉందో నడుముకు తెలియదు, ఒక చివర ఎండగా ఉన్నప్పుడు మరొక చివర వాన పడుతుండటం ఐఫెల్ కొండల్లో మామూలే. అన్నిటికన్నా ముఖ్యంగా, తెర మీద ఇనుప కంచెను గుద్దితే బిల్లు రాదు.

బిల్లు సంగతే మీ పాఠకులకు ఎక్కువగా పనికివస్తుంది. మామూలు అద్దె కార్ల ఒప్పందాల్లో రేసు ట్రాక్ మీద నడపడాన్ని నిషేధించే నిబంధన సాధారణంగా ఉంటుంది, దాన్ని ఉల్లంఘిస్తే బీమా వర్తించదు. విరిగిన కంచెకూ, కారును లాక్కెళ్లే వాహనానికీ అయ్యే డబ్బు ప్రమాదానికి కారణమైన డ్రైవరు మీదే పడుతుంది. స్వంత కారు అయినా బీమా పత్రంలో ట్రాక్ గురించి ఏమి రాసి ఉందో చదవాలి. నాకు తెలిసిన ఒక విద్యార్థి మొదటి రౌండులోనే కంచెను తాకాడు. అతనికి గాయాలు కాలేదు. కాని ఇంటి నుంచి చదువుకు తెచ్చుకున్న డబ్బులో పెద్ద భాగం ఆ ఒక్క మలుపుకు పోయింది, ఆ సంగతి ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదు. ఈ ట్రాక్ కోసమే సిద్ధం చేసిన కార్లను అద్దెకు ఇచ్చే సంస్థలు నూర్‌బర్గ్ చుట్టుపక్కలే ఉన్నాయి. వాటి ఒప్పందంలో నష్టపరిహారం ఎంతవరకు చెల్లించాలో స్పష్టంగా రాసి ఉంటుంది. తప్పనిసరిగా వెళ్లాలనుకుంటే అదే మార్గం.

కాబట్టి మీకు నా మనవి ఇది. ఇటువంటి వ్యాసాలు మళ్లీ వేసేటప్పుడు అద్దె ఒప్పందం, బీమా, శిక్షకుడితో కూడిన ట్రాక్ డే, ఈ మూడింటి గురించి ఒక చిన్న పెట్టెలోనైనా ప్రచురించగలరు. ఇక్కడి తెలుగు సంఘాలవారు వనభోజనాలకు బస్సులు మాట్లాడుతున్నట్టే, ఏడాదికొకసారి పదిమందిని కలిపి ఒక శిక్షణ రోజుకు పేర్లు నమోదు చేయించగలిగితే ఖర్చు పంచుకోవడం కాకపోయినా, కనీసం ఒంటరిగా వెళ్లేవారు తగ్గుతారు. వచ్చే ఏప్రిల్‌లో నేను మళ్లీ వెళుతున్నాను. వేర్‌సైఫెన్ నుంచి బెర్గ్‌వెర్క్ వరకు ఉన్న ముక్క నాకు ఇంకా కంఠతా రాలేదు. కావలసినవారు నాతో రావచ్చు, కాగితమూ పెన్సిలూ మాత్రం ఎవరివి వారు తెచ్చుకోవాలి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొలోన్, జర్మనీ