రిపోర్టు వచ్చేదాకా ఆగకండి

పాఠశాల వార్తాలేఖ, జులై

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

జూన్ 12న బడి తెరిచాం. చిన్న తరగతుల్లో ఏడుపులు సద్దుమణిగాయి. పుస్తకాలు, ఫీజులు, బస్సు రూట్ల సంగతులు వెనక పేజీలో ఉన్నాయి. ఈసారి నా పేజీ మొత్తం ఒకే విషయానికి వాడుకుంటున్నాను. మీ పాపకో బాబుకో ఆటిజం (మాట, నలుగురితో కలవడం, ఆట తీరు వేరుగా ఉండే ఎదుగుదల తేడా) ఉందేమోనని అనుమానం వస్తే బడి ఏం చేస్తుంది, బడికి మీరేం చెప్పాలి అన్నది ఆ విషయం.

ఏటా తొలి నెల గడిచేసరికి నర్సరీ, ఎల్‌కేజీ టీచర్లు ఒకరిద్దరు పిల్లల గురించి నా దగ్గరికి వస్తారు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడరు. నీళ్ళు కావాలంటే అడగరు, వేలు పెట్టి చూపించరు, ఆయమ్మ చెయ్యి పట్టుకుని బాటిల్ దగ్గరికి లాక్కెళ్తారు. "నీ పేరేంటి?" అంటే "నీ పేరేంటి?" అనే మళ్ళీ అంటారు. బొమ్మ కారు ఇస్తే నడపరు, తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చుంటారు. వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన ఆటిజం అనేయలేం. నాలుగైదు కలిసి, నెలల తరబడి, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తుంటే మాత్రం చూపించుకోవాలి. ఆడపిల్లల విషయంలో ఇంకాస్త కనిపెట్టి ఉండండి. "బుద్ధిమంతురాలు, కూర్చోబెట్టిన చోటే కూర్చుంటుంది" అని మనం మెచ్చుకునే పాపకి తోటి పిల్లలతో మాట కలపడం తెలియకపోవచ్చు.

ఇవన్నీ మాకంటే ముందే మీ కంట పడి ఉంటాయి. అయినా చాలామంది మాతో చెప్పరు. టీసీ చేతిలో పెడతారేమోనని భయం. "వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి, ఊరికే టెన్షన్ పడకు" అని ఇంట్లో పెద్దవాళ్ళు సర్దిచెబుతారు. బయటికి తెలిస్తే పెద్దమ్మాయి పెళ్ళి సంబంధాల దాకా పోతుందని లెక్కలు వేసేవాళ్ళూ ఉన్నారు. ఇంకొందరు డాక్టరు రిపోర్టు వచ్చాక చెబుదామని ఆగుతారు. అపాయింట్‌మెంటు, టెస్టులు, రెండో డాక్టరు అభిప్రాయం అనుకుంటూ పోతే ఆ రిపోర్టు దసరాకో సంక్రాంతికో చేతికొస్తుంది. నాలుగేళ్ళ పిల్లకి అన్ని నెలలు ఊరికే పోవడం పెద్ద నష్టం.

అందుకని స్పష్టంగా చెబుతున్నాను. మన బడిలో సాయం మొదలుపెట్టడానికి రిపోర్టు అక్కర్లేదు, వైకల్య సర్టిఫికెట్ అక్కర్లేదు. మీ అనుమానం చాలు. టీసీ భయం వదిలేయండి. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం పేరు లేదు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అది ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకుని, తోటి పిల్లలతో కలిపి చదివించాలన్నది ఆ చట్టం మాట. మేం ఏదో దయ చూపుతున్నామని మీరు మొహమాటపడాల్సిన పని లేదు.

డైరీలో "మాట్లాడాలి" అని ఒక్క ముక్క రాసి పంపండి. కారణం రాయనక్కర్లేదు. క్లాస్ టీచర్, నేను కూర్చుని మీతో మాట్లాడతాం. వీలైతే ఇద్దరూ రండి. పగలంతా బిడ్డని చూసుకునేది నానమ్మో అమ్మమ్మో అయితే ఆవిడని తప్పకుండా తీసుకురండి, మనకి తెలియని సంగతులు ఆవిడకే తెలుస్తాయి. ఇంట్లో బిడ్డ ఆడుకుంటున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు తీసిన చిన్న వీడియోలు ఫోన్లో ఉంచుకోండి. కొత్త మనుషుల ముందు పిల్లలు వేరేలా ఉంటారు. డాక్టరుకీ ఆ వీడియోలే పనికొస్తాయి.

ఆ తర్వాత రెండు వారాలు మా టీచర్లు గమనించి రాస్తారు. కేంద్ర ప్రభుత్వ విద్యా సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ అనే చెక్‌లిస్టు ఉంది, దాన్ని వాడతాం. అది ఎవరిని పరీక్షకి పంపాలో చెబుతుంది, జబ్బు పేరు చెప్పదు. ఆటిజం అని తేల్చే అర్హత టీచర్‌కి గానీ నాకు గానీ లేదు. తరగతిలో చూసింది చూసినట్టు ఒక ఉత్తరంగా రాసి మీకిస్తాం, డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి.

ఈలోగా తరగతిలో మార్పులు మొదలవుతాయి. ఇవి చూడ్డానికి చాలా చిన్నవి. రోజులో ఏం తర్వాత ఏం వస్తుందో ఫోటోల్లో చూపించే పట్టీ బిడ్డ ఎదురుగా ఉంటుంది. ప్రేయర్, తరగతి, టిఫిన్, ఆట, ఇల్లు. ఒకటి అయిపోగానే ఆ ఫోటో తీసి డబ్బాలో వేస్తాం. పని మార్చే ముందు "ఇంకో ఐదు నిమిషాల్లో బయటికి వెళ్దాం" అని చెప్పి, బొమ్మ చూపిస్తాం. టై, బెల్టు, మెడ దగ్గర గుచ్చుకునే లేబుల్ ఇబ్బంది పెడితే అవి లేకుండానే రావచ్చు, గేటు దగ్గర ఎవరూ ఆపరు. టిఫిన్ డబ్బాలో రోజూ పెరుగన్నమే పెట్టండి, పర్వాలేదు. కూర తినిపించే యుద్ధం మేం బడిలో చేయం. మైకు మోత భరించలేని పిల్లలు ప్రేయర్ సమయంలో లైబ్రరీలో ఆయమ్మతో ఉంటారు. ఆ గది బిడ్డ కుదుటపడటానికి మాత్రమే. అల్లరి చేశాడని అక్కడికి పంపకూడదని టీచర్లందరికీ చెప్పాను.

మా పరిమితులు కూడా చెప్పాలి. ఇలాంటి పిల్లలకి నేర్పడంలో శిక్షణ పొందిన స్పెషల్ ఎడ్యుకేటర్ మనకి పూర్తికాలం లేరు. వారానికి రెండు రోజులు వచ్చే ఆవిడే ఉన్నారు. స్పీచ్ థెరపిస్టు లేరు. థెరపీ బయటే చేయించుకోవాలి. దానికోసం ఆలస్యంగా వచ్చినా ముందే వెళ్ళినా హాజరు తగ్గించం. బిడ్డ పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచర్‌ని మీ ఖర్చుతో పెట్టుకోండి, అప్పుడే రానిస్తాం అనే మాట మన బడిలో వినపడదు. నా మటుకు నాకు, పొద్దస్తమానం పక్కనే ఒక పెద్ద మనిషి కూర్చుంటే పక్క బెంచీ పిల్లాడు దగ్గరికే రాడు. నిజంగా అవసరమైన పిల్లలకి, అవసరమైనంత కాలమే ఆ ఏర్పాటు ఉండాలి.

ఎక్కడ చూపించాలని అడుగుతుంటారు. మొదట వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే పలకకపోవడానికి చెవి కారణమేమో ముందు తేలాలి. పిల్లల ఎదుగుదల చూసే డాక్టరు ఫీజు భారమనుకుంటే, సికింద్రాబాద్ వాళ్ళకి బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పెట్టిన జాతీయ సంస్థ, ఎన్‌ఐఈపీఐడీ, పెద్ద అండ. 1984 నుంచి ఉంది. ఆటిజం తీవ్రత కొలవడానికి దేశమంతా వాడే 40 అంశాల ఐసా స్కేలు తయారైంది అక్కడే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పిల్లల ఎదుగుదల లోపాల కోసం పెట్టిన కేంద్రాలున్నాయి, వాటిని డీఈఐసీ అంటారు. సర్కారు బడిలో చదివే బంధువుల పిల్లలుంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో నడిచే భవిత కేంద్రం గురించి వాళ్ళకి చెప్పండి.

సర్టిఫికెట్ సంగతి తర్వాత చూసుకోవచ్చు గానీ మరీ వాయిదా వేయకండి. మనవాళ్ళు సదరం అని పిలిచే వైకల్య ధ్రువీకరణ ఇప్పుడు దేశమంతా ఒకేలా ఉండే యూడీఐడీ కార్డుగా వస్తోంది. అందులో వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే ప్రభుత్వ పథకాలకి దారి తెరుచుకుంటుంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చుకీ కొంత వస్తుంది. పదో తరగతి పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లకీ ఈ కాగితమే అడుగుతారు.

ఇంకో మాట. బిడ్డకి మాటలు రావడం లేదని చాలా ఇళ్ళలో తెలుగు మానేసి, వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడటం మొదలుపెడుతున్నారు. దయచేసి అలా చేయకండి. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకి మాటలు ఆలస్యమవుతాయనడానికి ఆధారం లేదు. అమ్మ నోట ధారాళంగా వచ్చే భాషలోనే బిడ్డతో ఎక్కువ మాట్లాడగలదు. "చందమామ రావే" పాడి మధ్యలో ఆపితే, తర్వాతి మాట బిడ్డ అందుకుంటాడేమో చూడండి. ఫోన్ తగ్గించడం మంచిదే. కానీ ఫోన్ చూపించడం వల్లే ఆటిజం వచ్చిందని తల్లిని సాధించడం అన్యాయం. పెంపకం వల్ల రాదు, టీకాల వల్ల రాదు. టీకాల కథ మొదలుపెట్టిన 1998 నాటి పరిశోధన పత్రాన్ని, అచ్చువేసిన పత్రికే 2010లో ఉపసంహరించుకుంది. ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. స్టెమ్ సెల్స్ (మూలకణాలు) ఎక్కిస్తాం, బాగుచేస్తాం అనేవాళ్ళ దగ్గర లక్షలు పోసుకోవద్దు.

మిగతా తల్లిదండ్రులకి కూడా ఒకటి చెప్పాలి. క్లాసు వాట్సాప్ గ్రూపులో "ఆ పిల్లాడి వల్ల మా వాడి చదువు పాడవుతోంది, సెక్షన్ మార్చండి" అన్న మెసేజీలు నా దాకా వస్తూనే ఉంటాయి. మీ బిడ్డని ఎవరైనా కొట్టినా కొరికినా అది నిజమైన సమస్యే, ఆ రోజే నాకు చెప్పండి, ఆ రోజే చూస్తాం. కానీ గ్రూపులో ఏ పిల్లవాడి పేరూ రాయకూడదు. సెక్షన్ మార్చమంటే మార్చను. ఆ కుటుంబం మాతో పంచుకున్నది మీకు చెప్పను, మీరు పంచుకున్నది వాళ్ళకీ చెప్పను.

ఈ నెలలో లష్కర్ బోనాలు ఉన్నాయి, బడిలోనూ బోనాల వేడుక చేస్తున్నాం. డప్పులు, పోతురాజు కొరడా చప్పుడు కొందరు పిల్లలకి అసలు పడవు. అలాంటి పిల్లల్ని ముందు ఖాళీ ఆవరణలో తిప్పి, అలంకరణ చూపించి, డప్పులు మొదలయ్యేలోగా లోపలికి తీసుకెళ్తాం. చప్పుడు తగ్గించడానికి చెవులకి పెట్టుకునే మఫ్స్ బడిలో ఉన్నాయి, ఇంట్లోవి అలవాటైతే అవే పంపండి. ఆగస్టు 15 రిహార్సల్స్‌లో బ్యాండు మోతకీ ఇదే పద్ధతి. మీ బిడ్డకి ఇది కావాలంటే ఈ శుక్రవారంలోగా డైరీలో రాయండి. శనివారం పొద్దున 10 నుంచి 12 వరకు నా గదిలోనే ఉంటాను, అపాయింట్‌మెంటు లేకుండా రావచ్చు.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు