స్టెమ్ అకాడమీలకు ముందు గంటలు కేటాయించండి

సంపాదకులకు,

ఉన్నత పాఠశాలల్లో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) అకాడమీలు రావడం మాకు సంతోషమే. కానీ వాటి ప్రణాళికల్లో త్రీడీ ప్రింటర్లు, రోబో కిట్ల జాబితా పేజీల కొద్దీ ఉంటుంది. ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు చేతిపని దొరుకుతుందో చెప్పే వాక్యం మాత్రం కనిపించదు. పిల్లలను కళాశాలకూ ఉద్యోగానికీ సిద్ధం చేసేది ఆ గంటలే.

45 నిమిషాల పీరియడ్‌లో సామాను తీయడానికి పది, సర్దడానికి పది నిమిషాలు పోతాయి. మిగిలిన 25 నిమిషాల్లో సర్క్యూట్ కలపడం పూర్తవుతుంది, అంతలో గంట కొడతారు. అది ఎందుకు పనిచేయలేదో వెతికే సమయమే ఉండదు, అసలు చదువంతా ఆ వెతుకులాటలోనే ఉంది. వారానికి రెండుసార్లైనా రెండేసి పీరియడ్లు కలిపి ఇవ్వాలి.

గురుత్వ త్వరణం కనుక్కోవడానికి యంత్రాలేవీ అక్కర్లేని ప్రయోగం ఒకటి చూడండి. మీటరు పొడవున్న దారానికి బరువు కట్టి ఊపితే ఒక డోలనానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను తేడా వచ్చిందనుకుందాం. ఒక్క డోలనాన్నే కొలిస్తే అది 10 శాతం పొరపాటు. సూత్రంలో కాలం వర్గంగా ఉంటుంది కనుక గురుత్వ త్వరణం విలువకు వచ్చేసరికి ఆ పొరపాటు సుమారు 20 శాతం అవుతుంది. వరుసగా 20 డోలనాలకు కాలం కొలిచి భాగిస్తే 1 శాతానికి దిగుతుంది. కళాశాల ల్యాబులో మొదటి నెలలోనే అడిగే విషయమిది. కిట్‌తో వచ్చిన పుస్తకం చూసి బొమ్మకారు నడిపించిన విద్యార్థి అక్కడ తడబడతాడు.

ఎలక్ట్రానిక్స్‌లోనూ అంతే. 5 వోల్టుల సరఫరాకు ఎర్ర ఎల్ఈడీ కలిపేటప్పుడు 220 ఓంల నిరోధకం పెట్టమని చెబుతాం. ఎల్ఈడీ దగ్గర 2 వోల్టులు పోగా మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే దాదాపు 14 మిల్లీఆంపియర్లని పిల్లలే లెక్కగట్టాలి. ఆ లెక్క అలవాటైనవాళ్లు చిన్న మోటారును నేరుగా ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు పిన్‌కు కలపరు. ఆ పిన్ నుంచి తీసుకోదగ్గది 20 మిల్లీఆంపియర్లు. చక్రం ఇరుక్కుంటే మోటారు వందల మిల్లీఆంపియర్లు లాగుతుంది, పిన్ కాలిపోతుంది. మధ్యలో ట్రాన్సిస్టర్ గానీ మోటార్ డ్రైవర్ గానీ ఉండాలి, ట్రాన్సిస్టర్ వాడితే మోటారు కొసల మధ్య డయోడ్ కూడా పెట్టాలి. ఇది నేర్పకపోతే ఏడాది తిరక్కుండానే సగం బోర్డులు అటక ఎక్కుతాయి.

అందుకే వినియోగ సామగ్రికి ఏటా విడిగా నిధి కావాలి. నిరోధకాలు, తీగలు, బ్యాటరీలు, మల్టీమీటర్ ఫ్యూజులు, త్రీడీ ప్రింటర్‌లో వాడే ప్లాస్టిక్ తీగ (ఫిలమెంట్) అన్నీ అయిపోయేవే. ఫిలమెంట్ తేమ పీల్చుకుంటే ముద్రణ నూలుపోగుల్లా సాగుతుంది. మూత బిగిసే డబ్బాలో, తేమను లాగే పొట్లంతో పాటు ఉంచాలి. ప్రింటర్ మీద డౌన్‌లోడ్ చేసిన బొమ్మలు తీయడం కంటే, వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచి ఒక విరిగిన భాగాన్ని తిరిగి చేయించడం మేలు. 10 మిల్లీమీటర్ల కడ్డీ 10 మిల్లీమీటర్ల రంధ్రంలో దూరదని, 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలని అప్పుడే తెలుస్తుంది.

గణితం మరో చిక్కు. వాలుతలం మీద బలాలను విడగొట్టే వారానికి సైన్, కొసైన్ చెప్పకపోయి ఉంటే భౌతికశాస్త్రం బట్టీగా మారిపోతుంది. గణిత, సైన్స్ ఉపాధ్యాయులకు వారానికి ఒక ఉమ్మడి ఖాళీ పీరియడ్ ఇవ్వండి, పాఠాల వరుసను వాళ్లే కలుపుకుంటారు. ప్రవేశాలకు ఒక్క పరీక్ష మార్కులే గీటురాయి కావడం కూడా మాకు సమ్మతం కాదు. భిన్నాలు, నిష్పత్తులు, సరళ సమీకరణాల్లో వెనకబడినవారికి తొమ్మిదో తరగతి మొదట్లో ఆరు వారాల వంతెన తరగతులు పెడితే చాలామంది అందుకుంటారు.

పన్నెండు తర్వాత అందరూ ఇంజినీరింగ్‌కే వెళ్లరు. ల్యాబ్ టెక్నీషియన్, యంత్రాల నిర్వహణ, సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే కోత యంత్రాల) పనుల వైపు వెళ్లేవారికీ అకాడమీలో సమాన స్థానం ఉండాలి. పరిశ్రమకు తీసుకెళ్లి చూపించి తెస్తే అది శిక్షణ అనిపించుకోదు. తెలిసిన బరువులతో త్రాసును సరిచూసి తేడాలు రాయడం, ఒక యంత్రం ఆగిన ప్రతిసారీ కారణం నమోదు చేయడం వంటి నిర్దిష్టమైన పని అప్పగించాలి. చేసినదంతా తేదీలతో నోటు పుస్తకంలో ఉండాలి; తప్పును చెరపకుండా ఒక్క గీతతో కొట్టేసి పక్కన సరైనది రాయించాలి.

అధికారులు ప్రతి అకాడమీ విషయంలో మూడు అంకెలు ప్రకటించాలని కోరుతున్నాం: విద్యార్థికి వారానికి ప్రయోగ గంటలు, ఏటా వినియోగ సామగ్రికి ఇచ్చిన మొత్తం, ప్రయోగాలు సిద్ధం చేసుకోవడానికి ఉపాధ్యాయుడికి ఇచ్చిన పీరియడ్లు. పిల్లలను చేర్పించేముందు తల్లిదండ్రులు కూడా ఈ మూడూ అడగాలి, పై తరగతి పిల్లల నోటు పుస్తకాలు చూపించమనాలి.

– కొందరు ఉన్నత పాఠశాల గణిత, సైన్స్ ఉపాధ్యాయులు