కమాన్ కట్టల సంగతి

ఫీనిక్స్, అరిజోనా

నాయనకు నమస్కారాలు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని తిరుపతి నుంచి చెల్లెలు చెప్పింది. ఇక్కడ మేము నలుగురం బాగున్నాము. మొన్న బండి ఊగుతోందని చెబుతుంటే, సగంలోనే "సరిగ్గా వినపడలేదు, కమాన్ కట్టలో ఇంకో పట్టా వేయించు" అని ఫోను పెట్టేశావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీన్ని చిత్తూరులో కమాన్లు, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టాల కట్టలు, కట్టే షెడ్డుకు తీసుకుపోయి అందరికీ చదివి వినిపిస్తావని తెలుసు కాబట్టి, కాస్త వివరంగానే రాస్తాను.

మాది పికప్ ట్రక్కు, నీ లారీ లాంటిది కాదు. ముందు క్యాబిన్, వెనక ఎనిమిది అడుగుల తొట్టి. ఆ తొట్టిలోకి ఒక చిన్న ఇంటిని జరిపి కూర్చోబెడతాము. క్యాంపర్ అంటారు. మంచం, పొయ్యి, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అన్నీ అందులోనే. సెలవులు అయిపోగానే దాన్ని నాలుగు కాళ్ల మీద దించేసి, బండిని రోజువారీ పనులకు వాడుకుంటాము. అమ్మినవాళ్ల కాగితంలో దాని బరువు 1,180 కిలోలు. అది ఖాళీ ఇంటి బరువు. 150 లీటర్ల నీళ్లు, గ్యాసు, బ్యాటరీలు, నీ కోడలు సర్దిన బియ్యం, పచ్చళ్లు చేరాక కాటా వేయిస్తే 1,520 తేలింది. మా నలుగురిది 210. డ్రైవరు తలుపు దగ్గర అంటించిన చీటీ ప్రకారం బండి 1,830 మోయగలదు. లెక్కకు లోపలే ఉన్నాము. అయినా ఊగింది.

ఫ్లాగ్‌స్టాఫ్ దాటి తూర్పుగా విన్‌స్లో వైపు వెళితే చెట్టన్నది ఉండదు, పక్కగాలి ఒకటే. పెద్ద ట్రక్కు ఏదైనా మమ్మల్ని దాటినప్పుడు ముందు అవతలికి తోసేది, ఆ తర్వాత తన వైపుకు లాగేది. పిల్లలు ఉయ్యాల అనుకుని నవ్వారు. నీ కోడలు హనుమాన్ చాలీసా అందుకుంది. నాకేమో శ్రీకాళహస్తి నుంచి పలమనేరుకు నువ్వు గడ్డి తోలిన రోజు గుర్తొచ్చింది. మొగిలి ఘాట్ రోడ్డు మలుపులో లారీ ఒరిగితే నేను నీ చొక్కా పట్టుకున్నాను. ఎనిమిది టన్నుల బెల్లానికి కదలని బండి మూడు టన్నుల గడ్డికి ఎందుకు ఊగుతుందని అడిగితే, "బెల్లం కూర్చుంటుంది, గడ్డి నిలబడుతుంది" అన్నావు. మా క్యాంపర్ కూడా ఎత్తుగా నిలబడే సరుకే.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెబుతాను. వెనక భాగం కిందికి దిగిందని ఒక షాపులో గాలి బ్యాగులు వేయించాను. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య చెరొకవైపు ఒక రబ్బరు తిత్తి. బండి సమంగా లేచింది, చూడటానికి ముచ్చటగా ఉంది. ఊపు మాత్రం ఇంకా పెరిగింది! రెండు తిత్తులకూ కలిపి ఒకే గొట్టం పెట్టారు. బండి కుడికి ఒరిగితే కుడి తిత్తి నలిగి, అందులోని గాలి ఎడమ తిత్తిలోకి పోతుంది. అది ఉబ్బి ఎడమవైపును ఇంకా లేపుతుంది. ఒరిగేవాణ్ణి ఇంకాస్త తోసినట్టు. డబ్బులు తీసుకున్నప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు. తర్వాత నేనే విడివిడిగా రెండు గొట్టాలు, రెండు వాల్వులు పెట్టుకున్నాను.

ఆ పైన ఒక ఆదివారం టార్చిలైటు పట్టుకుని బండి కిందికి దూరాను. క్యాంపర్ ఎక్కించే ఉంది. నీ లారీకి ఉన్నట్టే దీనికీ కట్ట మీద ఒక మందపాటి హెల్పర్ పట్టా ఉంది. దాని కొసలు పైనున్న రబ్బరు దిమ్మలకు తగిలితేనే అది పని మొదలుపెడుతుంది. తగలలేదు. మధ్యలో నా చూపుడు వేలు దూరేంత సందు. తిత్తులు బండిని లేపేశాయి కదా, హెల్పర్ ఖాళీగా కూర్చుంది. బండి ఆ సందంతా ఒరిగాక గానీ దానికి మెలకువ రావడం లేదు. గాలి కొంత తగ్గించి, సందు మూసే మందమైన రబ్బరు ముక్కలు దొరికితే తెచ్చి రెండు వైపులా బిగించాను. ఇప్పుడు క్యాంపర్ కూర్చోగానే హెల్పర్ తగులుకుంటుంది. దించేస్తే బండి పైకి లేచి సందు మళ్లీ తెరుచుకుంటుంది. నువ్వు చెప్పినట్టు పట్టా వేయించకపోవడానికి కారణం ఇదే. అది వేస్తే కట్ట ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, ఖాళీ బండిలో ఆఫీసుకు వెళ్లిన రోజల్లా నడుము విరిగేది.

టైర్లలో 60 పౌండ్ల గాలితో తిరిగేవాణ్ణి. వెనక చక్రాలకు 80 పెట్టాను, ఆ టైరు మీద రాసిన హద్దు అదే. పక్కగోడలు మెత్తగా వంగడం మానేశాయి. పైసా ఖర్చు లేని ఈ పని మొదట చేయాల్సింది, చివర చేశాను. షాక్ అబ్జార్బర్లు అరిగి ఉంటే మార్చాను. వెనక ఇరుసుకు స్టెబిలైజర్ బార్ అనే ఉక్కు కడ్డీ కూడా వేయించాను. అది బరువు మోయదు. ఒక చక్రం లేచి ఇంకొకటి దిగబోతే మెలిపడి అడ్డుకుంటుంది, అంతే.

సరుకు క్యాబిన్ వైపుకు నెట్టాలని, తోక బరువైతే స్టీరింగు తేలుతుందని హమాలీలతో నువ్వు పోట్లాడేవాడివి కదా. ఇక్కడ క్యాంపర్ పక్కనే బాణం గుర్తు వేసి ఉంటుంది, దాని బరువంతా ఎక్కడ నిలుస్తుందో చూపడానికి. అది వెనక ఇరుసు మీద గానీ కొంచెం ముందు గానీ పడాలి. మాది సరిగ్గానే పడింది. కానీ నేనే నీళ్ల క్యాన్లను వెనక బంపరుకు కట్టాను! వాటిని ముందుకు మార్చాను.

పోయిన వారం ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి ఫీనిక్స్‌కు దిగాము. ట్రక్కులు దాటినప్పుడు తోపు తెలుస్తోంది గానీ ఒక్క ఊపుతో ఆగిపోతోంది. నీ కోడలు నిద్రపోయింది. ఇన్ని వేయించావు కదా, ఇంకో రెండు వందల కిలోలు ఎక్కించవచ్చు కదా అని స్నేహితుడు అన్నాడు. కమాను బిగిస్తే బ్రేకు పెరుగుతుందా, ఇరుసు లావెక్కుతుందా అని నీ మాటే వాడికి అప్పజెప్పాను.

తోతాపురి కాయలు ఫ్యాక్టరీకి తోలారా, ఈసారి డబ్బు చేతికి వచ్చిందా, రాయి. లారీ అమ్మేటప్పుడు విరిగిన పట్టా ఒకటి దాచి, కొలిమిలో కాల్పించి అమ్మకు కొడవలి చేయించావు కదా. అది ఇంకా తెగుతోందా?

నీ కొడుకు