ఆ రోజు మమ్మల్ని పైకి పోనివ్వని అందరికీ

నలుగురం హిమాచల్‌లోని స్పితి లోయ నుంచి క్షేమంగా ఎర్రగుంట్ల చేరి వారమైంది. ఫోన్లు చేసినవాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. మంచు కింద నుంచి బయటపడ్డామని వాట్సాప్‌లో తిరుగుతున్నది నిజం కాదు. మా మీద ఏ చరియా పడలేదు. పడి బతికుంటే ఈ పోస్టు రాయడం ఇంకా తేలికయ్యేదేమో.

గండికోటలో తాళ్లు కట్టుకుని బండలెక్కిన ధైర్యంతో, గడ్డకట్టిన జలపాతం ఎక్కుదామని ఫిబ్రవరిలో స్పితిలోని కాజా ఊరికి పోయాం. చలికాలం కుంజుం కనుమ మూసేస్తారు, సిమ్లా, కిన్నౌర్ మీదుగా చుట్టు తిరిగే పోవాలి. చేరిన రాత్రే మొదలై రెండు రోజులు గాలితో కలిసి మంచు కురిసింది. మూడో రోజు ఫెళ్లున ఎండ. మేం ఎక్కాలనుకున్న జలపాతం నీలంగా మెరుస్తోంది. నీలంగా ఉంటే లోపల గాలి బుడగలు తక్కువ, ఐస్ గట్టిదని చదువుకునే పోయాం.

మా గైడన్న జలపాతాన్ని చూడనే లేదు. దాని నెత్తిన గిన్నెలా ఉన్న మంచు వాలునే చూస్తూ నిలబడ్డాడు. "బీకన్లు ఎన్ని తెచ్చారు?" అన్నాడు. మంచులో కూరుకుపోయినోళ్లు ఎక్కడున్నారో సిగ్నల్‌తో చూపించే పరికరాలవి. మా దగ్గర ఒక్కటీ లేదు. "అయితే ఈ రోజు లేదు. రేపు కూడా చెప్పలేను."

వాదించింది నేనే. సెలవులు, కట్టిన అడ్వాన్సు, అన్నీ ఏకరువు పెట్టా. మంచు చరియల గురించి రక్షణ శాఖ సంస్థ డీజీఆర్ఈ ఇచ్చే హెచ్చరికలో ప్రమాద స్థాయి 3 అని ఉంది. 5కి 3 అంటే సగం మీద కొంచెమే కదా అని నా లెక్క. చివరికి ప్రొద్దుటూరు మామకు ఫోన్ చేశా. ఆయన మిలిటరీలో ఉండగా మంచు కొండల మీద చాలా ఏళ్లు పనిచేశారు. ఆయన నా వైపు మాట్లాడతారనుకున్నా.

"మీ నాయన బండలు పరిచేది చూసినావు కదరా. కింద సిమెంటు లేకుండా ఉత్త ఇసక పోసి, ఏటవాలుగా కడప బండ పెడితే నిలుస్తాదా?" అన్నారు. అడుగున పాత మంచు చలికి చక్కెర పలుకుల్లా విడిపోయి ఉంటుందట. గాలి తెచ్చిపోసిన కొత్త మంచు దాని మీద బండ కడుతుంది. మనిషి కాలు మోపితే చాలు, బండంతా ఒక్కసారే కదులుతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే ఇది ఎక్కువట. స్థాయి 3లో ఒక్కడి బరువు కూడా సరిపోవచ్చు. "5 ఉన్న రోజు ఎవడూ ఇల్లు కదలడు. 3 ఉన్న రోజే మీయట్లాటోళ్లు పోతారు. కూరుకపోయినోన్ని పావుగంటలో తియ్యాల. మీ కాడ పారన్నా ఉందా?" 2022 అక్టోబరులో ఉత్తరకాశీ పర్వతారోహణ సంస్థ బృందంలో పాతిక మందికి పైగా ద్రౌపదీ కా డాండా శిఖరం మీద మంచు చరియ పడి చనిపోయిన సంగతి కూడా చెప్పారు. వాళ్లు శిక్షణలో ఉన్నవాళ్లు. నేను ఫోన్ పెట్టేసి షూ విప్పా.

రెండు రోజుల తర్వాత, పైన మంచు నిలవని రాతి గోడ కింద చిన్న జలపాతానికి గైడన్న తీసుకుపోయాడు. ఎక్కేముందు గొడ్డలి వెనకవైపుతో ఐస్‌ను అడుగడుగునా తట్టాడు. నాకు ఒళ్లు జలదరించింది. మా నాయన సుత్తితో బండను తట్టేదీ అట్లాగే. ఖంగుమంటే మంచిది, డొల్లగా పలికితే పక్కన పెట్టేయడమే. పొద్దున్నే చలికి ఐస్ గాజులా పెళుసుబారి, నా దెబ్బకు కంచమంత పెంకు ఊడి గడ్డానికి తగిలింది. మూడు కుట్లు. ఊళ్లో అందరూ అడుగుతున్న గాయం అదే.

గైడన్నకు, మామకు రుణపడి ఉన్నాను. దారి మూసుకుపోయిన మూడు రోజులూ మాకు పొయ్యి గది వదిలేసి, ఒక్క రూపాయి అదనంగా తీసుకోని కాజా అవ్వకు దండాలు. సిగ్నల్ లేని రోజుల్లో టీవీలో మంచు వార్తలు చూసి అమ్మ అన్నం మానేస్తే, ఇంటికొచ్చి టీవీ కట్టేసి కూర్చున్న మా వీధి అక్కలకు కూడా. నాతో రెండు రోజులు మాట్లాడకపోయినా చివరికి నా వాటా డబ్బులు కూడా కట్టిన ముగ్గురు మిత్రులకూ థ్యాంక్స్.

నిన్న గైడన్నకు ఫోన్ చేసి ఆ వాలు జారిందా అని అడిగా. ఇంకా అట్లాగే ఉందట. మామ చెప్పిన బండ కథ విని, కడప బండ ఎట్లుంటుందో చూపించమన్నాడు. బండల ఫ్యాక్టరీలోది ఫోటో తీసి పంపా. "తట్టి చూశారా?" అని మెసేజ్ పెట్టాడు.