మారా నుంచి ఇంటిదాకా చేర్చినవాళ్లకు

కెన్యాలోని మసాయి మారా వన్యప్రాణుల రిజర్వులో చివరి రోజులు, అక్కణ్ణుంచి హైదరాబాద్ చేరడం ఇంత సాఫీగా జరిగిందంటే అందులో మా గొప్పేమీ లేదు. పేరుపేరునా చెప్పలేకపోయినా, ఎవరు ఏం చేశారో చెప్పుకోవడం మా ధర్మం.

ముందుగా మా డ్రైవర్-గైడ్‌కి అసాంతే సానా (స్వాహిలీలో చాలా థాంక్స్). రిజర్వు టికెట్ ఇప్పుడు 12 గంటలపాటే చెల్లుతుంది. లోపలి క్యాంపుల్లో దిగినవాళ్లు ఖాళీ చేసే రోజున ఉదయం 10 లోపు బయటపడాలి. ఆలస్యమైతే మళ్లీ రుసుము పడుతుంది. జూలై నుంచి డిసెంబరు దాకా విదేశీయులకు అది మనిషికి 200 డాలర్లు. అందుకే ఆయన ఆఖరి గేమ్ డ్రైవ్‌ను (బండిలో జంతువుల్ని చూడ్డానికి తిరగడం) గేటుకు వెళ్లే దారిలోనే పెట్టారు.

పైగా రాత్రి వాన. మారాలో చాలాచోట్ల నేల అచ్చం మన నల్లరేగడే, తడిస్తే బంక. బండి దిగబడ్డాక యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ చక్రం గుంత తవ్వుకుంటుంది, టైరు గాళ్లలో మట్టి కూరుకుని పట్టు పోతుంది. చక్రం ఒకసారి జారగానే ఆయన ఆపేశారు. చుట్టుపక్కల జంతువులేవీ లేవని చూసుకున్నాకే మమ్మల్ని దిగమన్నారు. జాక్ కింద చెక్కపలక వేసి (లేకపోతే జాకే దిగిపోతుంది) చక్రం లేపి, కింద రాళ్లూ కంపా పేర్చి, టైర్లలో కాస్త గాలి తీసి, లో-రేంజ్ గేరులో మెల్లగా బయటికి తెచ్చారు.

క్యాంపు సిబ్బంది ముందు రాత్రే కాటా తెచ్చి మా సామాను తూచారు. నైరోబీలోని విల్సన్ విమానాశ్రయానికి వెళ్లే చిన్న విమానంలో చేతిసంచితో కలిపి 15 కిలోలే, అదీ మెత్తటి సంచుల్లో. గట్టి సూట్‌కేసు సామాన్ల అరలో పట్టదు. కొన్న రుంగు (మసాయిల దుడ్డు) కర్ర చెక్-ఇన్‌లోకి, పవర్ బ్యాంకు చేతిసంచిలోకి వాళ్లే సర్దించారు. నేల మీద దొరికిన ఈకలు, ముళ్లపంది ముళ్లు అక్కడే వదిలేయమన్నారు. అడవి జంతువులతో చేసిన వస్తువుల అమ్మకాన్ని కెన్యా 1978లోనే నిషేధించింది.

నైరోబీలోని తెలుగు మిత్రులకు ప్రత్యేకంగా నమస్కారాలు. చిన్న విమానం దారిలో రెండు మూడు ఎయిర్‌స్ట్రిప్‌లలో ఆగి మనుషుల్ని ఎక్కించుకుంటుంది, వేళ అటూఇటూ అవుతుంది. విల్సన్ నుంచి ఊళ్లోని అంతర్జాతీయ విమానాశ్రయం జోమో కెన్యాట్టాకి ట్రాఫిక్‌లో వెళ్లాలి, అక్కడ ప్రవేశంలోనే కారు దిగి నడిచి తనిఖీ దాటాలి. రెండు విమానాల మధ్య ఆరు గంటలు ఉంచుకోమన్నది వాళ్లే. ఒకే ఊరు కదా, మూడు గంటలు చాలనుకున్నాం!

నారాయణగూడ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ సిబ్బందికీ రుణపడి ఉన్నాం. కెన్యా నుంచి వచ్చేవాళ్లను ఇక్కడ దిగగానే ఎల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. టీకా వేసిన 10 రోజులకు గానీ అది చెల్లదు. లేకుంటే ఆరు రోజుల దాకా క్వారంటైన్. పాస్‌పోర్టు నంబరు, ముద్ర సరిచూసి, కార్డు చెక్-ఇన్ సామానులో వేయొద్దని రెండుసార్లు చెప్పారు.

చివరగా మా డాక్టరుగారికి. ఇల్లు చేరామని మలేరియా మాత్రలు ఆపేయడమే అందరూ చేసే తప్పట. అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ కాలేయంలోని పరాన్నజీవి మీద కూడా పనిచేస్తుంది కాబట్టి మరో 7 రోజులు చాలు. డాక్సీసైక్లిన్ రక్తంలోకి వచ్చినదాన్నే పడుతుంది కాబట్టి 4 వారాలు వేసుకోవాలి. ఆ తర్వాత కూడా, కొన్ని నెలలపాటు ఎప్పుడు జ్వరం వచ్చినా, ఏ ఆసుపత్రికి వెళ్లినా "ఆఫ్రికా వెళ్లొచ్చాం" అన్న మాట ముందు చెప్పి, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోమన్నారు.