పుట్టగానే ఊపిరాడని బిడ్డల గురించి ఆరోగ్య శాఖ మంత్రి గారికి

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఒక జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూలో (జబ్బు చేసిన నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో) స్టాఫ్ నర్సుని. పుట్టిన బిడ్డ ఊపిరికి ఇబ్బంది పడితే అందరూ ముందు అనే మాట "ఉమ్మనీరు మింగింది" అని. చాలాసార్లు అది నిజమే కావచ్చు. కానీ కొందరికి ఊపిరి దారే సరిగా ఏర్పడదు. వాళ్ల కోసమే ఈ లేఖ.

ఒక పాపను అలాగే రాసి మా దగ్గరికి పంపారు. ఏడ్చినంతసేపు ఎర్రగా ఉంటోంది, ఏడుపు ఆపగానే నీలంగా మారిపోతోంది. ముక్కులోకి సన్నని మెత్తటి ట్యూబు పంపి చూశాం. రెండు వైపులా లోపల అడ్డం తగిలి ఆగిపోయింది. ముక్కు వెనక దారి మూసుకుపోయి పుట్టిందన్నమాట. పసిపిల్లలు మామూలుగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు, ఏడిస్తేనే నోటితో గాలి అందుతుంది. నోట్లో చిన్న ఎయిర్‌వే (గాలి దారి తెరిచి ఉంచే గొట్టం) పెట్టగానే పాప రంగు తిరిగింది. ఆ ట్యూబు, ఆ ఎయిర్‌వే కాన్పు గదిలోనే ఉండాల్సినవి.

అదే ట్యూబు నోటి నుంచి దింపితే 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయిందంటే ఆహారనాళం మూసుకుపోయిందని అనుమానించాలి. నోట్లో నురగ ఆగకపోయినా, తల్లికి ఉమ్మనీరు మరీ ఎక్కువని స్కాన్‌లో ఉన్నా, మొదటి చుక్క పాలు పట్టకముందే ఈ పరీక్ష చేయాలి. పట్టాక తెలిస్తే ఆ పాలు అప్పటికే ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటాయి.

నాకు ఎక్కువ భయం డయాఫ్రం హెర్నియా అంటేనే. సుమారు 2,500 నుంచి 3,000 కాన్పులకు ఒకరికి వస్తుంది. ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే కండర పొర అయిన డయాఫ్రంలో రంధ్రం వల్ల పేగులు ఛాతీలోకి ఎక్కి, ఊపిరితిత్తులు ఎదగవు. బొజ్జ లోపలికి పోయి కనిపిస్తుంది. ఇది తెలియక మాస్కు పెట్టి బ్యాగు నొక్కితే గాలి పేగుల్లో నిండి ఊపిరితిత్తులను ఇంకా నొక్కేస్తుంది. నేరుగా శ్వాసనాళంలో ట్యూబు వేయాలి, కడుపులో గాలి తీయడానికి ఇంకొకటి వేయాలి.

డయాఫ్రం హెర్నియా చాలా కేసుల్లో ఐదో నెలలో కడుపులోని బిడ్డ అవయవ లోపాలు చూసే టిఫా స్కాన్‌లోనే దొరుకుతుంది. 2022లో ప్రభుత్వ ఆసుపత్రులకు టిఫా యంత్రాలు ఇచ్చారు, మంచి పని. అయితే లోపం కనిపించిన తల్లికి పిల్లల సర్జన్ ఉన్న చోటే కాన్పు జరిగేలా చూడకపోతే ఆ స్కాన్ వల్ల బిడ్డకు ఏం ఒరిగినట్టు?

పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టగానే చూడాల్సిన లోపాలు తొమ్మిది ఉన్నాయి. గ్రహణం మొర్రి, వంకర పాదాలు, గుండె జబ్బు ఉన్నాయి గానీ నేను చెప్పిన మూడూ లేవు. మన రాష్ట్ర ఫారంలోనైనా వీటిని చేర్చండి. ప్రతి కాన్పు గదిలో ఆ ట్యూబులు, ఎయిర్‌వేలు ఉంచమని సర్క్యులర్ ఇవ్వండి. ఇలాంటి బిడ్డను పంపే అంబులెన్స్‌లో సక్షన్‌తో (నోట్లో, గొంతులో నురగ లాగేసే యంత్రంతో) పాటు శిక్షణ ఉన్న నర్సు ఉండాలి. పీహెచ్‌సీ సిస్టర్లకు ఈ పరీక్ష నేర్పడానికి ఒక్క పూట చాలు. మా జిల్లాలో మొదలుపెడతామంటే నేర్పడానికి నేను సిద్ధం.

ఇట్లు
ఒక స్టాఫ్ నర్సు