విషయం: మీ ‘రాడ్నర్‌షైర్ ఒక రోజు యాత్ర’పై ఫిర్యాదు, సగం డబ్బు వాపసు కోరుతూ

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

గత శనివారం బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన మీ బస్సులో మా అమ్మానాన్నలతో కలిసి వెళ్లాను. వేల్స్‌లోని పాత కౌంటీ (మన జిల్లా లాంటిది) రాడ్నర్‌షైర్‌లో చూపించే చోట్లుగా బ్రోషర్‌లో నైటన్, పిలెత్ యుద్ధభూమి, లాండ్రిన్‌డాడ్ వెల్స్, ఎలాన్ లోయ డ్యాములు అని వేశారు. లాండ్రిన్‌డాడ్‌లో చెరువు గట్టున భోజనం వరకు బాగానే జరిగింది. అంతకు ముందే పొద్దున చాలాసేపు హే-ఆన్-వైలో పాత పుస్తకాల షాపుల దగ్గర వదిలేశారు. ఊరు బాగుంది, కాదనను. కానీ అది వై నదికి అవతలి ఒడ్డున, పాత బ్రెక్నాక్‌షైర్‌లో ఉంది. ఒక కౌంటీ పేరుతో టికెట్ అమ్మి పక్క కౌంటీలో షాపింగ్ చేయించడం ఏం న్యాయం?

నైటన్‌లో గైడ్ ఆఫా కట్టను ‘రోమన్ల గోడ’ అన్నాడు. అది 8వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని మెర్సియా రాజ్యాన్ని ఏలిన రాజు ఆఫా పేరున్న మట్టికట్ట, పక్కనే కందకం. రోమన్లు అప్పటికి వెళ్లిపోయి వందల ఏళ్లయింది. పిలెత్‌లో బస్సు ఆగనే లేదు. 1402లో ఇంగ్లిష్ పాలనపై తిరగబడిన వేల్స్ నాయకుడు ఓవైన్ గ్లిన్‌డూర్ సేన ఇంగ్లిష్ సైన్యాన్ని ఓడించి దాని నాయకుడు ఎడ్మండ్ మార్టిమర్‌ను బందీగా పట్టుకున్న చోటది. కిటికీలోంచి ‘అదిగో’ అంటే ఏ కొండని చూడాలి? అక్కడ అన్నీ కొండలే.

అసలు బాధ ఎలాన్ గురించి. మా నాన్నగారు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నాగార్జునసాగర్ రాతికట్టడం గురించి అడగండి, భోజనం కూడా మర్చిపోతారు. ఈ యాత్రకు ఆయన ఒప్పుకున్నదే 1904లో ఏడో ఎడ్వర్డ్ ప్రారంభించిన ఆ రాతి డ్యాముల కోసం. అక్కడి నీళ్లు పంపు లేకుండా, వాలు మీదే 73 మైళ్లు పారి బర్మింగ్‌హామ్ చేరతాయి. మా వంటింటి కుళాయిలో వచ్చేవి అవే. వాటి కోసం ఆ లోయలో ఇళ్లు, చర్చి, బడి పోయాయి. ఇదంతా దారి పొడుగునా అమ్మకు చెబుతూనే ఉన్నారు. తీరా ఆ డ్యాముల దగ్గరి ఊరు రాయడర్ చేరాక ‘టైం లేదు’ అని బస్సు వెనక్కి తిప్పారు. అక్కడి నుంచి పది నిమిషాల దారి!

ఫోన్ చేస్తే తర్వాతి యాత్రకు కూపన్ ఇస్తామన్నారు. నాన్నగారు వచ్చే వారం హైదరాబాద్ వెళ్లిపోతున్నారు, కూపన్ ఆయనకు దేనికి? ముగ్గురి టికెట్లలో సగం డబ్బు మా ఖాతాలో వేయండి. ఇకనుంచి యాత్రలో హే-ఆన్-వై కూడా ఉందని, అక్కడ ఎంతసేపు ఆపుతారో బ్రోషర్‌లో రాయండి. రెండు వారాల్లో రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను. బ్రోషర్, టికెట్ల కాపీలు జతచేశాను.

ఇట్లు,
మీ బస్సు ప్రయాణికుడు, బర్మింగ్‌హామ్